ర్యామ్ వేయించారు సరే, బిల్లేదీ?

వినియోగదారుల కేసులు చూసే నా దగ్గరికి ఈ మధ్య మానుకోటలో వస్తున్న ల్యాప్‌టాప్ తగాదాలన్నీ ఒకే అచ్చు. స్లో అయిందని ర్యామ్ పెంచుకోవడానికి షాపులో ఇచ్చారు. తెచ్చుకున్న కొన్నాళ్లకే పాడైంది. షాపాయన తనకు సంబంధం లేదంటాడు. బిల్లు తెమ్మంటే అందరిదీ ఒకటే జవాబు: "బిల్లు గావాల్నంటె పద్దెనిమిది శాతం జీఎస్టీ ఎక్కువైతదన్నడు సార్."

తాజాగా వచ్చింది బయ్యారం కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. 8 జీబీ ల్యాప్‌టాప్‌కు ఇంకో 8 జీబీ వేయించుకున్నాడు. రాత్రంతా అది షాపులోనే ఉంది. కొద్దిరోజులకే తెర నల్లబడింది. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు విప్పి చూసి, లోపలున్న రెండు ర్యామ్ ముక్కలూ తమవి కావన్నారు. అంటే కొన్నప్పుడు వచ్చిన ముక్క మాయమైంది. పాత ముక్కకేం విలువని అనుకోకండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ, మనలాంటి వాళ్లకు అమ్మే ఆ వ్యాపారాన్నే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది.

కుర్రాడు డబ్బు ఫోన్‌లోనే కట్టాడు కదా, అదే సాక్ష్యం అనుకున్నాను. తీరా చూస్తే ఆ క్యూఆర్ కోడ్ షాపు పేరు మీద లేదు, ఎవరో ఆడమనిషి పేరు మీద ఉంది. "ఆమెకు బాకీ తీర్చిండేమో, నాకేం తెలుసు" అంటున్నాడు షాపాయన. బిల్లు లేకుంటే జరిగేది ఇదే. ర్యామ్ పాడైందా, మదర్‌బోర్డు కాలిందా అన్న ప్రశ్న దాకా మనం వెళ్లనే వెళ్లం. అసలు ఆ షాపుకు వెళ్లామని నిరూపించుకోవడంలోనే కేసు తెల్లారిపోతుంది.

జీఎస్టీ అదనం అన్నమాట వినగానే వెనక్కి తగ్గకండి. రిజిస్ట్రేషన్ లేని వ్యాపారికి మీ దగ్గర ఆ పన్ను వసూలు చేసే హక్కే లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాడు ఇంత ఖరీదైన వస్తువుకు బిల్లు ఇవ్వక తప్పదు. ప్యాకెట్ మీది ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. పైగా బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. తెల్ల చిట్టీల మీద బజారంతా నడుస్తుంటే తనిఖీ చేయాల్సిన అధికారులకు కనబడదా అంటే, కనబడుతుంది. చూడరు, అంతే.

బిల్లు అంటే 'ర్యామ్ 1' అని గీకిన కాగితం కాదు. షాపు పేరు, చిరునామా, బిల్లు నంబరు, తేదీ ఉండాలి. ముక్క కంపెనీ, సామర్థ్యం, డీడీఆర్4నో డీడీఆర్5నో, స్టిక్కర్ మీది సీరియల్ నంబరు రాయించండి. ల్యాప్‌టాప్ వదిలి వస్తుంటే లోపలున్న పాత ముక్క వివరం కూడా రసీదులో ఎక్కాలి. వీలైతే మీ ముందే విప్పించి ఫొటో తీసుకోండి. తెలిసినవాడే కదా సార్ అంటారు. బయ్యారం వాళ్లకు నేను చెప్పాలా? ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలిస్తామని 2014 విభజన చట్టంలోనే రాశారు, ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. చట్టంలో రాసిందానికే ఆ గతి పడితే, కౌంటర్ దగ్గరి నోటిమాటకు దిక్కెవరు?

ఇక వారంటీ. బయట విప్పినంత మాత్రాన అంతా రద్దు అనే మాటను గుడ్డిగా నమ్మొద్దు. 2014లో కార్ల విడిభాగాల కేసులో కాంపిటీషన్ కమిషన్ 14 కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేస్తూ, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేసే షరతు పెట్టొద్దంది. బయటి రిపేరు వల్లే చెడితే అది వేరే సంగతి. కార్ల తీర్పు ల్యాప్‌టాప్‌కు నేరుగా అతకదు కానీ వాదనకు బలం. వారంటీ ఎందుకు ఇవ్వరో కారణం రాసిమ్మని సర్వీస్ సెంటర్‌ను అడగండి. ఆ కాగితమే మా కుర్రాడికి ఇప్పుడు ఆధారం. ఇంకో మాట: ర్యామ్ మొత్తం మదర్‌బోర్డుకే అతికి ఉండే మోడళ్లూ ఉన్నాయి, వాటికి పెంచడమే కుదరదు. కాబట్టి ముందే కనుక్కోండి.

కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది. షాపు ఎక్కడున్నా మీరుండే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ల్యాప్‌టాప్‌తో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపి పొట్టపోసుకునేవాళ్లు కూడా వినియోగదారులే. 'మీది వ్యాపారం' అని షాపాయన దబాయిస్తే జంకొద్దు.

మా నోటీసు అందాక షాపాయన కుర్రాడికి ఫోన్ చేసి, రెండు వేలిస్తా, కేసు మానుకో అన్నాడట. తీసుకోమంటారా సార్ అని అడిగాడు. ఎందుకిస్తున్నాడో రాసిస్తే అప్పుడు ఆలోచిద్దాం అన్నాను. రాసివ్వనన్నాడట. ఫిర్యాదు సిద్ధమవుతోంది.