గజ్జెలు అటకెక్కించకండి: వీఆర్‌లో నాట్యకారుల పని

ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఊళ్లలో కూచిపూడి నేర్చుకున్న పిల్లలకు కొదవలేదు. రంగప్రవేశం అవుతుంది, ద్వారకా తిరుమలలో ఓ ప్రదర్శన అవుతుంది, ఆపైన డిగ్రీ, పెళ్లి, వేరే ఉద్యోగం. గజ్జెలు అటకెక్కుతాయి. ఏళ్ల సాధన అలా మూలపడటం చూస్తే మనసు చివుక్కుమంటుంది. భీమడోలు చుట్టుపక్కల నాట్యమే జీవనంగా బతుకుతున్న మాస్టార్లకూ, శిక్షణ పూర్తిచేసి ఏం చేయాలో తేలని పిల్లలకూ ఇది రాస్తున్నాను. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని మరో లోకంలోకి వెళ్లే వర్చువల్ రియాలిటీ (వీఆర్)లో మీ విద్యకు పని ఉంది.

2017లో స్విట్జర్లాండ్ నృత్యకారుడు జిల్ జోబాన్, జెనీవాలోని ఆర్టానిమ్ సంస్థతో కలిసి ‘వీఆర్ ఐ’ అనే నృత్య ప్రదర్శన చేశాడు. ఒకేసారి ఐదుగురు ప్రేక్షకులు హెడ్‌సెట్లు పెట్టుకుని ఆ దృశ్యంలో తిరుగుతారు. నాట్యం చేసే రూపాలు ఒకసారి కొండంత, ఒకసారి చీమంత కనిపిస్తాయి. ఆ రూపాల కదలికలు నిజమైన నర్తకుల ఒంటి నుంచి తీసుకున్నవే. అదే ఏడాది మన బాహుబలి బృందం ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ పేరుతో వీఆర్ చిత్రం తెచ్చింది. వడ్డేశ్వరంలోని కేఎల్ యూనివర్సిటీ పరిశోధకులు శాస్త్రీయ నృత్య భంగిమల్ని కంప్యూటరు చేత గుర్తుపట్టించి, 2018లో పరిశోధనా పత్రం వెలువరించారు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్, మిహిరా విజువల్ ల్యాబ్స్ కలిసి, ఒంటి కదలికల్ని రికార్డు చేసే మోషన్ క్యాప్చర్ ల్యాబ్ పెట్టాయి. యంత్రాలు వచ్చేశాయి. ఆ యంత్రం నాట్యంలో దేన్ని వదిలేసిందో చూసిన వెంటనే పట్టుకుని చెప్పగల మనిషి దొరకడమే కష్టం. మీరు అమ్ముకోవాల్సింది ఆ చూపునే.

తరంగం ఉదాహరణగా తీసుకోండి. మోషన్ క్యాప్చర్ ప్రధానంగా రెండు రకాలు. మొదటిదానిలో నర్తకి తొడుక్కునే సూటుకు మెరిసే చిన్న బంతులు (మార్కర్లు) అంటిస్తారు, చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వాటిని వెంటాడతాయి. ఇత్తడి పళ్లెం అంచు, గజ్జెలు, వడ్డాణం తళుక్కుమంటే కెమెరా వాటినీ బంతులుగానే లెక్కేస్తుంది, తెరమీద బొమ్మ కాలు ఎటో వంకరపోతుంది. నగలు తీసేయాలి, పళ్లెం అంచుకు మెరుపులేని టేపు చుట్టాలి, గజ్జెల చప్పుడు విడిగా రికార్డు చేయించాలి.

రెండో రకంలో కెమెరాలుండవు, సూటులోనే సెన్సర్లుంటాయి. ఇది చవక కాబట్టి చిన్న బృందాలు దీన్నే వాడతాయి. ఇక్కడ చిక్కు వేరు. పాదం నేలను ఎప్పుడు తాకింది, ఎప్పుడు లేచింది అన్న లెక్కతోనే మనిషి ఎంత దూరం జరిగాడో సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. తరంగంలో పాదం పళ్లెం అంచును వదలదు, పళ్లెమే ముందుకు జరుగుతుంది. దాంతో బొమ్మ ఉన్నచోటే నిలబడి ఊగుతుంది. నడుముకు విడిగా ఓ ట్రాకర్ కట్టించమని అడగాల్సింది మీరే; కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్రాడికి తరంగం తెలియకపోవచ్చు. ఈ సెన్సర్లకు ఇనుమంటే పడదు. కల్యాణ మండపం శ్లాబులో ఊచలుంటాయి గనుక హాలు ఖాయం చేసుకునే ముందు సూటు తొడుక్కుని నాలుగు మూలలా నడిచి చూడండి.

భామాకలాపానికి మరో జాగ్రత్త కావాలి. సూటుకు జడ ఉండదు. సత్యభామ పాత్రలో జడ లేకపోతే సగం పాత్ర పోయినట్టే, కాబట్టి జడకూ మార్కర్లు పెట్టించండి. వేళ్లకు గ్లోవ్స్, ముఖానికి విడిగా కెమెరా లేకపోతే హస్తాలూ కంటి అభినయమూ అసలు రికార్డే కావు. హెడ్‌సెట్ తనంతట తానే చేతుల్ని గుర్తుపట్టే ఏర్పాటు ఇప్పుడుంది గానీ, ఒక చేయి మరో చేతిని కప్పేసే కర్కటం వంటి సంయుత హస్తాల దగ్గర తడబడుతుంది. పూర్తి ఆహార్యంతో అదే అంశాన్ని మామూలు వీడియోగా కూడా తీయించండి. కుచ్చిళ్లు ఎక్కడ విచ్చుకోవాలో యానిమేటర్ దాన్ని చూసే దిద్దుకుంటాడు.

సూటు దాకా వెళ్లడానికి డబ్బు లేకపోతే 360 డిగ్రీల కెమెరా అద్దెకు తెచ్చుకోండి. అభినయానికి నాకు ఇదే మేలనిపిస్తుంది, ముఖం ముఖంలాగే ఉంటుంది. కెమెరాను కూర్చున్న ప్రేక్షకుడి కంటి ఎత్తులో పెట్టి, ఇక కదపకండి. కదిలితే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. రెండు లెన్సుల దృశ్యాలు కలిసే అతుకు పక్కలకు వస్తుంది, కాబట్టి నర్తకి ఒక లెన్సుకు ఎదురుగా, కనీసం మీటరున్నర దూరంలో ఉండాలి. 5.7కె వీడియోలో చుట్టూరా కలిపి 5,760 పిక్సెళ్లు. కంటికి ఒకసారి కనిపించేది అందులో సుమారు పావువంతు, అంటే 1,440కి అటూఇటూ. దూరంగా నిలబడితే కళ్లు కనిపించవు.

కొల్లేటి మీద తీయాలని చాలామందికి సరదా. మంచి ఆలోచనే. అయితే అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా దిగకండి. పక్షుల జోలికి పోకుండా చేపల చెరువు గట్టు మీద తీసుకోవచ్చు, చెరువు యజమానిని అడిగి. గట్టు మీద దాక్కునే చోటుండదు, కెమెరా నాలుగు దిక్కులా చూస్తుంది కాబట్టి నట్టువాంగం చేసేవారిని దృశ్యంలో భాగంగానే కూర్చోబెట్టండి.

హెడ్‌సెట్ పెట్టుకుని నాట్యం చేయమనేవాళ్లూ వస్తారు. క్వెస్ట్ 3 అనే హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు. అంత బరువు ముఖాన పెట్టుకుని, బయట ఏమీ కనిపించకుండా భ్రమరులు తిరగడం మెడకూ మోకాళ్లకూ ప్రమాదం. వద్దని చెప్పేయండి.

ప్రోగ్రామింగ్ అంతా మీరే నేర్చుకోనక్కర్లేదు. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, ఏలూరులో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టుకు అంశం వెతుక్కునే పిల్లలకు మూడు నిమిషాల జతి ఒకటి ఇవ్వండి. తయారైన నమూనా మీ చేతిలో ఉంటే స్టూడియోలకైనా, కూచిపూడిని డిగ్రీ స్థాయిలో నేర్పే కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్లకైనా ధైర్యంగా పంపొచ్చు.

ఇక కాగితం. మన కాపీరైటు చట్టం నర్తకిని కూడా ప్రదర్శనకారిణిగా గుర్తిస్తుంది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం. చట్టంలో మోషన్ క్యాప్చర్ డేటా అన్న మాట లేదు, అందుకని ఒప్పందంలో పేరుపెట్టి రాయించాలి: ఈ డేటా ఈ ఒక్క ప్రాజెక్టుకే, ఏఐకి నేర్పడానికి వాడాలంటే మళ్లీ అడిగి మళ్లీ డబ్బివ్వాలి, ఒక కాపీ నాకివ్వాలి, నా పేరూ నా గురువు పేరూ వేయాలి. అంశం కూర్చింది మాస్టారైతే ఆయన సంతకమూ ఉండాలి. లాయరు ఫీజు దండగనుకోకండి. ఏలూరులో ఒక పూట కూర్చుని రాయించుకుంటే ఇదంతా రెండు పేజీల్లో అయిపోతుంది, పేర్లూ తేదీలూ మార్చుకుని ప్రతి ఒప్పందానికీ అదే వాడుకోవచ్చు.