ఎముకల బలము – చక్కెర వ్యాధి
(సంఘ సభ్యులకు ఆరోగ్య పాఠం)

గేదె ఈనిన రెండు మూడు రోజులలో ఉన్నట్లుండి చతికిలబడటం, మెడను డొక్కవైపు తిప్పుకొని పడివుండటం, చెవులు చల్లబడటం మన సభ్యులలో చాలామంది చూచినదే. దీనిని పాలజ్వరం అంటారు. పేరుకు జ్వరమేగాని ఒంట్లో వేడి వుండదు. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా తరలిపోవటంతో రక్తంలో కాల్షియం పడిపోతుంది. పశువైద్యుడు నరం ద్వారా నిదానంగా కాల్షియం ఎక్కిస్తే గేదె లేచి నిలబడుతుంది. నిజానికి ఆ గేదె ఎముకలనిండా కాల్షియం వున్నది. కావలసిన వేళకు అది రక్తంలోకి రాలేదు, అంతే.

మనిషి సంగతీ ఇట్టిదే. మన ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకలలోను, పళ్ళలోను వుంటుంది. ఎముక ఎండుకట్టె కాదు. పాత భాగాన్ని తీసివేస్తూ, కొత్త భాగాన్ని కట్టుకుంటూ, రక్తంతో నిత్యం ఇచ్చిపుచ్చుకుంటూ వుండే జీవమున్న అవయవం. కనుక రక్తం చెడితే ఎముకా చెడుతుంది.

ఒక సభ్యురాలి అనుభవం

నేను తనిఖీకి వెళ్ళే ఒక సంఘంలో ఇరవై ఏళ్ళుగా పాలు పోస్తున్న ఒక సోదరి వుండేది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి. ఒకనాడు తెల్లవారుజామున పాకలో పేడమీద కాలు జారి కూలబడింది. పెద్దగా పడినదేమీ కాదు, అయినా తుంటి విరిగింది. అంతకు కొన్ని నెలల ముందే ఎముకల సాంద్రత పరీక్ష చేసి ‘బాగానే వున్నది’ అని కాగితం ఇచ్చారు. వైద్యం ఖర్చుకు రెండు పాడిగేదెలలో ఒకటి అమ్మారు. పాలు పిండే చెయ్యి లేక కొన్నాళ్ళకు రెండవదీ పోయింది. సంఘం రిజిస్టరులో ఆమె నంబరుకు ఎదుట ఇప్పుడు గీత వున్నది.

“కాగితం బాగున్నప్పుడు ఎముక ఎందుకు విరిగిందండీ?” అని ఆమె భర్త నన్నడిగారు. ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం.

ల్యాక్టోమీటరు చెప్పని సంగతి

పాలలో నీరు కలిపితే ల్యాక్టోమీటరు అంకె దిగుతుంది. ఆ నీళ్ళ పాలలో పంచదారో ఉప్పో వేస్తే అంకె మళ్ళీ పైకి వస్తుంది. అంకె సరిగా వున్నది, పాలు మాత్రం మంచివి కావు. అందుకే మనం ల్యాక్టోమీటరు ఒక్కటే నమ్మి పాలు తీసుకోము.

ఎముకల సాంద్రత పరీక్ష కూడా అటువంటిదే. ఎముకలో ఖనిజం ఎంత వున్నదో అది చెబుతుంది. ఆ ఎముక ఎంత నాణ్యమైనదో చెప్పదు. పెద్దవయసులో సాధారణంగా వచ్చే రెండవ రకం చక్కెర వ్యాధిలో సాంద్రత మామూలుగా, ఒక్కొక్కసారి మామూలుకంటె ఎక్కువగా కూడా వుంటుంది. అయినా తుంటి విరిగే ప్రమాదం ఇతరులకంటె వీరికి ఎక్కువ. చిన్నతనంలోనే సాధారణంగా మొదలయ్యే మొదటి రకంలో సాంద్రతా తగ్గుతుంది, ప్రమాదం మరీ ఎక్కువ.

నాణ్యం ఎట్లా చెడుతుంది?

ఎముకలో ఖనిజానికి ఆధారంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు వుంటాయి. ఇంటి స్తంభంలో సిమెంటుకు ఇనుప చువ్వలవలె ఇవి ఎముకకు కాస్త వంగే గుణాన్నిస్తాయి. కోవా కాచేటప్పుడు పాలలోని చక్కెర, మాంసకృత్తు కలిసి గోధుమరంగుకు తిరగటం మనకు తెలుసు. రక్తంలో చక్కెర ఏళ్ళతరబడి ఎక్కువగా వుంటే కొల్లాజెన్ పోగులకూ చక్కెర అంటుకొని నిదానంగా అటువంటి మార్పే జరుగుతుంది. పోగులు బిరుసెక్కి ఎముక పెళుసవుతుంది. దీనికితోడు పాత ఎముకను తీసి కొత్తది కట్టే పని మందగిస్తుంది. నిత్యం పడే సన్నని పగుళ్ళు పూడకుండా మిగిలిపోతాయి.

చక్కెర వ్యాధి ముదిరి మూత్రపిండాలు దెబ్బతింటే మరొక చిక్కు. ఎండవల్ల చర్మంలో తయారయ్యే విటమిన్ డి చివరకు పనికివచ్చే రూపం పొందేది ముఖ్యంగా మూత్రపిండాలలోనే. అవి చెడితే ఎముకలూ దెబ్బతింటాయి.

పడిపోవటమే సగం ప్రమాదం

చక్కెర వ్యాధివల్ల అరికాళ్ళు మొద్దుబారితే కాలికింద తడి తెలియదు. చూపు మందగిస్తే చీకట్లో పలుపుతాడు కనబడదు. రాత్రి ఇన్సులిన్ వేసుకొని అరకొరగా తిని పడుకున్నవారికి తెల్లవారుజామున చక్కెర బాగా తగ్గి కళ్ళు తిరగవచ్చు. మనం పాకలోకి వెళ్ళేదీ సరిగ్గా ఆ వేళకే.

సభ్యులు చేయవలసినవి

1. చక్కెరను అదుపులో వుంచుకోవాలి. గడచిన రెండు మూడు నెలల సగటు తెలిపే రక్తపరీక్షను డాక్టరు చెప్పిన గడువులో చేయించుకోవాలి.

2. సాంద్రత కాగితం బాగున్నదని నిశ్చింతగా వుండరాదు. ‘నాకు ఇన్నేళ్ళుగా చక్కెర వ్యాధి వున్నది, ఫలానాసారి పడ్డాను’ అని డాక్టరుకు చెప్పాలి. పయోగ్లిటాజోన్ మాత్ర ఎక్కువకాలం వాడే స్త్రీలలో ఎముకలు విరగటం ఎక్కువని తేలింది. దానిని సొంతంగా మానకుండా, డాక్టరును అడగాలి.

3. పాలన్నీ కేంద్రానికే పోయరాదు. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. పావులీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు వుంటుంది. పంచదార లేకుండా తాగాలి. వెన్న తీసినా కాల్షియం మజ్జిగలోనే నిలుస్తుంది, నేతిలోకి పోదు. రాగులు, నువ్వులు కూడా మంచివే. మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

4. రోజూ కొంతసేపు ఎండ తగలాలి, నడవాలి.

5. పాకలో గరుకు గచ్చు, దీపం, పట్టుకొనేందుకు ఒక కొయ్య వుండాలి. పేడ తీసిన తరువాతే పితకటానికి కూర్చోవాలి. చెప్పులు లేకుండా పోరాదు. కళ్ళు తిరిగే అలవాటున్నవారు ముందుగా చక్కెర చూసుకోవాలి.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

మన సంఘంలో చక్కెర వ్యాధి వున్న సభ్యులెందరు? వారిలో గత ఏడాది కాలు జారి పడినవారెందరు? పోసే పాలలో ఇంటికి ఎన్ని పాలు వుంచుకుంటున్నాము?

పాల నాణ్యాన్ని ఒక్క అంకెతో తేల్చని మనం, మన ఎముకల విషయంలోనూ అంతే జాగ్రత్త చూపాలి. పాక గచ్చు గరుకు చేయించే ఖర్చు గేదె ఖరీదుతో పోలిస్తే ఏపాటిది?