వేటగుర్రం నిలబడాలి

మాధవీ,

నక్కవేటకు గుర్రం కొనాలని నువ్వు పంపిన వీడియోలు చూశాను. అన్నిట్లోనూ గుర్రాలు పరుగెడుతున్నాయి, దూకుతున్నాయి. నేను చూడాలనుకున్నది మాత్రం వాటిలో లేదు. నక్కవేటలో గుర్రం పరుగెత్తేది కాసేపే. వాసన తప్పిపోయి కుక్కలు పొదల్లో వెతుకుతున్నంతసేపూ గుర్రాలన్నీ చలిలో పక్కపక్కనే నిలబడి ఉండాలి. అప్పుడు గిరగిరా తిరిగేదీ, ముందుకాళ్లతో నేల తవ్వేదీ నీ చేతులు పడిపోయేలా చేస్తుంది. పక్క గుర్రాన్ని తన్నే అలవాటుంటే తోకకు ఎర్ర రిబ్బను కట్టి వెనకాల ఉంచుతారు. వేటకుక్కను తన్నిందంటే ఇక ఇంటిదారే.

అందుకని అమ్మేవాళ్లను ఒక్కటి అడుగు. నువ్వు చూసే గుర్రాన్ని ఇంకో గుర్రంతో కలిపి తిప్పి, ఆ రెండోదాన్ని కనుమరుగయ్యేదాకా తీసుకెళ్లమను. ఇది ఒకటి రెండుసార్లు సకిలించి, చెవులు నీవైపు తిప్పి నిలబడితే దాని మీద డబ్బు పెట్టొచ్చు. చెమటలు కక్కుతూ వెనక్కాళ్ల మీద లేచిందా, ఎంత అందంగా ఉన్నా వద్దు. దూకడం మనం నేర్పుకోవచ్చమ్మా, ఒంటరిగా నిలిచే ధైర్యం చాలావరకు పుట్టుకతో రావలసిందే.

రేసులు మానేసిన థరోబ్రెడ్ చవకగా వస్తోందన్నావు. మలక్‌పేట రేసుకోర్సులో నా ఉద్యోగమంతా వాటి కాళ్లు తడమడంతోనే గడిచింది. వాటి మీద నాకెంత ప్రేమో నీకు తెలుసు. కానీ గుర్రం వెన్నెముక పూర్తిగా ముదరడానికి అయిదారేళ్లు పడుతుంది. వీటికేమో రెండేళ్లకే జీను వేసి పరుగు పెట్టిస్తారు. ముందుకాలి వెనక ఉండే స్నాయువును మోకాలి కింద నుంచి మడమ దాకా నొక్కుతూ రా. వాపుగానీ వేడిగానీ తగిలితే వదిలెయ్యి. పైగా ముందున్నదాన్ని దాటడమే దానికి నేర్పిన చదువు. వేటలో రౌతులను ముందుండి నడిపించే ఫీల్డ్ మాస్టరును దాటడం పెద్ద తప్పు.

నా ఓటు నువ్వు చూపినవాటిలో ఐరిష్ డ్రాఫ్ట్ జాతి కలిసిన నాలుగేళ్ల గెల్డింగ్‌కే (విత్తులు తీసిన మగ గుర్రానికే). మోకాలి కింద టేపు చుట్టి చూడు, ఎనిమిదిన్నర అంగుళాలుంటే చాలు. డెక్కలు వెడల్పుగా, జతకు జత సమానంగా ఉండాలి. మీ వర్జీనియా బురదనూ రాతిగోడలనూ తట్టుకునేవి అవే. మరీ ఎత్తు గుర్రం కోసం చూడకు. గేటు తీయడానికి దిగినప్పుడల్లా మళ్లీ ఎక్కాల్సింది నువ్వే.

వేట అనగానే మీ నాన్న మనసు కష్టపెట్టుకున్నాడు. నిజమే, కుక్కలతో నక్కను తరిమి చంపడాన్ని ఇంగ్లండులో 2004 చట్టంతో నిషేధించారు. మీ దగ్గర వేట చట్టబద్ధమే అయినా, అక్కడి వేటగాళ్లకు ముఖ్యం తరమడమేననీ, నక్క బొరియలో దూరితే సాధారణంగా వదిలేస్తారనీ వాడికి నువ్వే చెప్పు.

కొన్న వెంటనే నవంబరు వేటకు తీసుకెళ్లకు. వేసవిలో వేటకుక్కలను నడకకు తీసుకెళ్తారు, ఆ నడకల్లో కలుపు. సెప్టెంబరులో, కొత్త గుర్రమని తెలిసేలా తోకకు ఆకుపచ్చ రిబ్బను కట్టి, నెమ్మదైన ముసలి గుర్రం వెనకాల ఒక గంట తిప్పి ఇంటికి తెచ్చెయ్యి. మొదటి ఏడాదంతా అంతే.

అమ్మేవాళ్ల డాక్టరు కాకుండా వేరే డాక్టరు చేత పరీక్ష చేయించు. ఎక్స్‌రేలు నాకు పంపు. రక్తం కూడా తీయించు. నువ్వు చూసిన రోజున అది శాంతంగా ఉన్నది తన గుణం వల్లనో, ఇచ్చిన మందు వల్లనో అందులో తేలుతుంది. ఆ ఫలితం వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న