పాత బండి కొనేముందు: చదవాల్సినవి, చూడాల్సినవి

మన తూర్పు భాగంలో ఇప్పుడు బండి లేకుండా రోజు గడవడం కష్టమే. ఒకప్పుడు సాఖర్ పేటలోనో జోడ్‌భావి పేటలోనో ఇల్లు, పక్క గల్లీలోనే సాంచాల కార్ఖానా ఉండేవి. ఇప్పుడు చాలా కార్ఖానాలు అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఉన్నాయి. కుంభారి దగ్గర 2006లో బీడీ కార్మికులకు ఇచ్చిన 10,000 ఇళ్ళ కాలనీ ఊరికి ఇంకా దూరం. అక్కడినుంచి కాలేజీకి రావాలంటే షేర్ ఆటో కోసం ఎదురుచూపులే. కొత్త స్కూటర్ రోడ్డెక్కేసరికి లక్ష దరిదాపుల్లోకి వస్తోంది. అందుకే మనలో చాలామంది ఇళ్ళలో మొదటి బండి సెకండ్ హ్యాండ్ బండే అవుతుంది.

డబ్బులు అమ్మ బీడీల మీద, నాన్న చాదర్ల మీద కూడబెట్టినవి. బండి నడిపేది మనం. కానీ చూడటానికి వెళ్ళేది మాత్రం అన్న, లేదా అన్న దోస్తు. "నీకేం తెలుస్తది? మేం చూసొస్తంలే" అంటారు. అన్నను తీసుకుపోవద్దని కాదు. కానీ బండి చూడటానికి మేస్త్రీ చదువు అక్కర్లేదు, ఒక వరస తెలిస్తే చాలు. ఆ వరసలో సగం చదివే పని. చదవడం మన డిపార్ట్‌మెంట్ పనే కదా!

ముందు కాగితాలు

పడుగు తెగితే పేక ఎంత మంచి నూలైనా బట్ట రాదు. పాత బండికి కాగితాలే పడుగు. కాబట్టి ఇంజన్ చప్పుడు వినకముందే ఆర్.సి. చేతికి తీసుకోండి.

ఆర్.సి.లో నాలుగు సంగతులు చూడాలి. ఒకటి, ఓనర్ పేరు. అమ్మే మనిషి, ఆ పేరు గల మనిషి ఒకరేనా? "మా బావమరిది పేరు మీద ఉంది, ఆయన పుణేలో ఉంటడు" అంటే, ఆ పుణే మనిషి సంతకం దొరికేదాకా డబ్బు తీయకండి. రెండు, రిజిస్ట్రేషన్ తేదీ. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళ వరకే చెల్లుతుంది. తర్వాత బండిని ఆర్.టి.ఓ.కు చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి, మన రాష్ట్రంలో పర్యావరణ పన్ను కూడా కట్టాలి. 14 ఏళ్ళ బండి చవగ్గా వస్తోందంటే ఆ చవకకు కారణం ఇదే కావచ్చు. మూడు, ఫైనాన్స్ గడి. అందులో బ్యాంకు పేరో ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే అప్పు ఇంకా రికార్డులో ఉన్నట్టే. "అప్పు తీరిపోయింది" అని నోటితో చెబితే చాలదు. ఆ సంస్థ ఇచ్చిన ఎన్.ఓ.సి., ఫారం 35 చూపించాలి. నాలుగు, ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్.

ఛాసిస్ నంబర్ చాలా మోటార్ సైకిళ్ళకు హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ మీద కొట్టి ఉంటుంది. ఇంజన్ నంబర్ ఇంజన్ కేసు మీద ఉంటుంది. స్కూటర్లలో చోటు వేరు, అది అమ్మేవాళ్ళనే చూపించమనండి. పాత గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి వేసి, ఒక్కో అక్షరం ఆర్.సి.తో కలిపి చదవండి. తర్వాత వేలితో తడమండి. అంకెల చుట్టూ అరగదీసినట్టున్నా, ఒక్క చోటే కొత్త పెయింట్ ఉన్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. దానికి బేరం లేదు.

ఫోన్‌లో ఎం-పరివహన్ యాప్‌లో నంబర్ కొడితే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పి.యు.సి. గడువులు కనిపిస్తాయి. ఈ-చలాన్లు కూడా వెతకండి. పాత జరిమానాలు బండి నంబర్‌కే అంటుకుని ఉంటాయి, మనిషి మారితే పోవు.

తెలంగాణ చుట్టాల బండి

ఇది మన షోలాపూర్ తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో మేనమామ ఉంటాడు. "బండి ఊకెనే ఉన్నది, తీస్కపో బిడ్డా" అంటాడు. ప్రేమ నిజమే, కానీ ఆ బండికి ఎం.హెచ్. 13 పాసింగ్ లేదు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. దానికి ముందు అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 మీద ఎన్.ఓ.సి. రావాలి. ఇక్కడ మళ్ళీ రోడ్ టాక్స్ కట్టాలి. ఈ ఖర్చు కలిపాక కూడా చవకే అనిపిస్తేనే తీసుకోండి.

నంబర్ ప్లేటే కొంత చరిత్ర చెబుతుంది. ఏపీ 15 అంటే పాత కరీంనగర్ బండి. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చాక అక్కడ టీఎస్ నంబర్లు ఇచ్చారు, 2024 మార్చి నుంచి టీజీ ఇస్తున్నారు. కాబట్టి ఇంకా ఏపీ 15 మీదే తిరిగే బండి 2014కి ముందుది. దాని 15 ఏళ్ళ గడువు తీరిపోయి ఉండాలి, లేదంటే ఎంత ఆలస్యమైనా 2029 జూన్‌కల్లా తీరుతుంది.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు

మన ఎండకి మధ్యాహ్నం ఏ బండైనా ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. అందుకని పొద్దున్నే వెళ్ళండి. "స్టార్ట్ చేసి పెట్టకండి, నేనొచ్చాకే చేద్దాం" అని ముందే చెప్పండి. వెళ్ళగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే అప్పటికే ఒకసారి నడిపారన్నమాట. అలాంటప్పుడు ఇంకో రోజు రండి.

స్టార్ట్ చేశాక పొగ చూడండి. చల్లటి పొద్దున మొదట కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, అది పెద్ద ఖర్చు. నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువ మండుతోంది, దానికి ఫిల్టర్ లాంటి చిన్న కారణం ఉండొచ్చు. సాంచాల షెడ్డులో నిలిపే బండికి ఎయిర్ ఫిల్టర్ నిండా దూది పీచు పట్టి ఉండే అవకాశం ఎక్కువ, విప్పించి చూడండి.

ఇక చప్పుడు. సాంచాల మధ్య పుట్టి పెరిగిన చెవులు మనవి. ఏ సాంచా తేడాగా కొడుతోందో నిద్రలో కూడా తెలుస్తుంది. ఇంజన్ పైభాగంలో సన్నగా టిక్ టిక్ వస్తే టాపెట్లు సరిచేయిస్తే పోవచ్చు. కిందనుంచి లోతుగా టక్ టక్ అని, రేజ్ చేసినకొద్దీ పెరిగితే ఆ బండి వద్దు. ఆయిల్ కర్ర తీసి చూడండి. నల్లగా ఉంటే మార్చాలి, అంతే. చాయ్ రంగులో నురగలా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి.

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 బండ్లే అమ్ముతున్నారు. అవి దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. తాళం తిప్పగానే మీటర్ మీద ఇంజన్ బొమ్మ లైటు వెలగాలి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎవరైనా ఆ లైటునే తీసేసి ఉండొచ్చు.

బరువు మోసిన బండి

మన పేటల్లో మోటార్ సైకిల్ అంటే మనుషుల బండి మాత్రమే కాదు. నూలు సంచులు, చాదర్ల గట్టాలు, టవళ్ళ మూటలు దాని మీదే పోతాయి. అలాంటి బండికి ముందు వెనక భాగం అరుగుతుంది. సీటు మీద బలంగా నొక్కి వదలండి. ఊగుతూ ఉంటే వెనక షాకప్‌లు అయిపోయాయి. మెయిన్ స్టాండ్ మీద వేసి వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి, లొడలొడలాడకూడదు. ముందు ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ చారలు ఉండకూడదు. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని వెనక్కి లాగితే పళ్ళు సగం బయటపడుతున్నాయంటే చైన్ సెట్ మార్చాలి.

యాక్సిడెంట్ అయిన బండిని కనిపెట్టడానికి మన ఇంట్లోనే పనిముట్టు ఉంది: నూలు దారం. బండి నిటారుగా, హ్యాండిల్ నేరుగా పెట్టండి. దారాన్ని వెనక టైరుకు ఒక పక్క రెండు అంచులూ తాకేలా బిగించి ముందు టైరు దాటేదాకా పట్టుకోండి. రెండో పక్క కూడా అలాగే. ముందు టైరుకు రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. ఒక పక్క దారం తగిలి, ఇంకో పక్క వేలు దూరేంత సందు ఉంటే రెండు చక్రాలూ ఒక గీతలో లేవు. చైన్ దగ్గర వెనక చక్రం వంకరగా బిగించారేమో ముందు చూడాలి. అది కాకపోతే ఫోర్కో ఫ్రేమో వంగినట్టే. బ్రేక్ లీవర్ చివర, ఫుట్‌రెస్ట్ చివర, సైలెన్సర్ పక్కన గీతలు కూడా బండి పడిన సంగతి చెబుతాయి.

టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటర్ 9,000 కిలోమీటర్లే చూపిస్తూ ఫుట్‌రెస్ట్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, మాట మీటర్‌ది కాదు, రబ్బరుది నమ్మండి.

లైసెన్సు ఉంటే మీరే నడిపి చూడండి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ పట్టు సడలిస్తే బండి ఒక పక్కకు లాగకూడదు. బ్రేక్ వేస్తే నేరుగా ఆగాలి. స్కూటర్ అయితే కదిలేటప్పుడు వణుకు వస్తుందేమో చూడండి, బెల్టు ఎప్పుడు మార్చారో అడగండి.

లోపం అంటే లెక్క

కనిపించిన ప్రతి లోపానికీ బండి వదులుకోనక్కర్లేదు. కాగితం మీద రెండు వరసలు రాయండి. నీలం పొగ, వంగిన ఫ్రేమ్, కలవని నంబర్లు "వద్దు" వరసలో. టైర్లు, చైన్ సెట్, బ్యాటరీ, బ్రేక్ షూలు "ఖర్చు" వరసలో. ఖర్చు వరస ధరలు మేస్త్రీని అడిగి కూడండి. అడిగిన ధర 40,000, ఆ పనులకు 6,500 అవుతుందనుకుందాం. అప్పుడు మన మాట 33,500 దగ్గర మొదలవుతుంది. "కొంచెం తగ్గించండి అన్నా" అని బతిమాలడం వేరు, లెక్క చూపించి అడగడం వేరు.

పేరు మారేదాకా

డబ్బు ఇచ్చే రోజే ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలూ కావాలి. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపలే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్.టి.ఓ.కు తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా మన పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి.

"తర్వాత చేయించుకుందాంలే" అన్న మాట ఇద్దరికీ ప్రమాదమే. ఎన్నో చేతులు మారిన ఒక కారు యాక్సిడెంట్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వారే ఓనర్, నష్టపరిహారం బాధ్యత వారిదే అని తేల్చింది. అమ్మినవాళ్ళ మెడ మీద ఆ బరువు ఉంటుంది. కొన్నవాళ్ళకు ఇంకో రకం నష్టం: బండి మన వాకిట్లో ఉన్నా కాగితం మీద మనది కాదు. రేపు అమ్మాలన్నా, దొంగతనమైతే ఇన్సూరెన్స్ అడగాలన్నా ఆ పాత ఓనర్‌ను వెతుక్కుంటూ పోవాలి.

ఇంకొక్క మాట. డబ్బు అమ్మది, నడిపేది కూతురు, ఆర్.సి. మీద మాత్రం అన్న పేరు. ఇలాంటి బండ్లు మన గల్లీల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. ఫారం 30 నింపేటప్పుడు కొనేవారి పేరు రాసే గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, అక్కడ ఎవరి పేరు ఉండాలో ఇంట్లో అడగండి.