ఆంగ్ల నుడికారములలో దయ్యములు



"ది ఓల్డ్ మాన్ గేవ్ అప్ ది గోస్ట్" అను వాక్యమును తెలుగు చేయుమనగా, "ముసలివాడు దయ్యమును విడిచిపెట్టెను" అని వ్రాయువారు కలరు. మాటకు మాట సరిపోయినది. అర్థము మాత్రము తప్పిపోయినది. ముసలివాడు మరణించెనని దాని భావము. కొన్ని మాటలు కలిసి తమ విడి అర్థములను వదలి క్రొత్త అర్థము నిచ్చినచో, దానిని నుడికారమందుము. దయ్యములతో కూడిన ఆంగ్ల నుడికారములు కొన్నింటిని నేడు పరిశీలింతము.

1. గివ్ అప్ ది గోస్ట్: పూర్వపు ఆంగ్లమున గోస్ట్ అనగా ప్రాణము, ఆత్మ. దయ్యమను అర్థము తరువాత ప్రబలినది. కావున ఇది మన 'ప్రాణము విడుచుట'యే. పాత యంత్రము పనిచేయక నిలిచిపోయినను హాస్యముగా ఇట్లే అందురు.

2. నాట్ ఎ గోస్ట్ ఆఫ్ ఎ ఛాన్స్: ఇచట గోస్ట్ అనగా లీలగా తోచు నీడ. మనము 'ఇసుమంతయు అవకాశము లేదు' అందుము.

3. ఎ స్కెలిటన్ ఇన్ ది కప్‌బోర్డ్: అలమరలోని అస్థిపంజరము, అనగా కుటుంబము దాచుకొను సిగ్గుచేటైన రహస్యము. మన 'ఇంటిగుట్టు' దీనికి సమీపమైనది. కాని గుట్టు మంచిదైనను కావచ్చును. అస్థిపంజరము మంచిది కానేరదు.

4. విల్ ఒ ది విస్ప్: చిత్తడినేలలపై రాత్రివేళ కానవచ్చు మిణుకు వెలుగు. బాటసారి దానిని దీపమని వెంబడించి బురదలో దిగబడునని ఐరోపా కథలు చెప్పును. మనవారు దీనిని కొరివిదయ్యమందురు. అయినను నుడికారముగా దీని అర్థము 'అందని ఆశ'. అచట కొరివిదయ్యమని వ్రాసినచో పాఠకునకు భయము కలుగును గాని భావము తెలియదు. 'ఎండమావి' అని వ్రాయవలెను. చిత్తడిదేశమువారిని వెలుగు మోసగించినది. ఎండదేశమువారిని నీటిభ్రాంతి మోసగించినది.

5. టాక్ ఆఫ్ ది డెవిల్: మనము తలచుకొన్నవాడు అప్పుడే వచ్చినచో ఆంగ్లేయులు సైతానును తలతురు. మనమో "నీకు నూరేళ్ళ ఆయుస్సు" అని దీవింతుము. మన మనలి వీధులలో తమిళులును 'ఆయుసు నూరు' అనుట మీరు వినియే యుందురు. ఆంగ్లపు మాట స్నేహితుల నడుమ పరిహాసమునకే తగును, పెద్దలయెడ వాడరాదు.

6. విచ్ హంట్: 1692లో అమెరికాలోని సేలమునందు మంత్రవిద్య నేరము మోపి 19 మందిని ఉరితీసిరి. నేడీ మాటకు, నిదర్శనము లేకయే నింద మోపి వేటాడుట యని అర్థము. చేతబడి యను అనుమానముతో అమాయకులను హింసించుట మన తెలుగునాటను జరిగినది. కావున ఈ నుడికారము వెనుక కన్నీరు కలదని మరువరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆంగ్లము రావలెనన్న తెలుగు మానవలెనని కొందరు తలతురు. 1868లో మన చెన్నపట్టణముననే కెప్టెన్ కార్ అను ఆంగ్లేయుడు 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' యను తెలుగు సామెతల గ్రంథమును ప్రకటించెను. తెలుగు సామెతను గ్రహించుటకు అతడు తన భాషలోని లోకోక్తిని ప్రక్కన నిలిపెను, స్వభాషను మానలేదు. మన పిల్లలకును ఇదియే మార్గము. వీధిలో తమిళము, తరగతిలో ఆంగ్లము వారికి లభించును. తెలుగు నుడికారము ఇంటనే లభింపవలెను. ఇంట దానిని వినని బాలునకు 'ఎండమావి' తోచదు, కొరివిదయ్యమే మిగులును.

అభ్యాసము

అ) "మేక్ వన్స్ హెయిర్ స్టాండ్ ఆన్ ఎండ్" అనుదానికి సరియైన తెలుగు నుడికారము వ్రాయుడు.

ఆ) "దయ్యములు వేదములు వల్లించినట్లు" అను సామెతను ఎప్పుడు వాడుదురో ఇంటి పెద్దలనడిగి తెలిసికొని, దానికి సాటియైన ఆంగ్ల లోకోక్తిని వెదకుడు.