పేరు దొరకనివారు

పాఠభాగము: ఎజ్రా 2:59–63

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము వట్టి పేర్ల పట్టీయని మనలో అనేకులు పుట త్రిప్పివేయుదురు. ఈ నెల అచ్చటనే కొంచెము నిలుచుదము. బబులోను చెరనుండి వచ్చినవారిలో 652 మంది తమ పితరుల యింటిని రుజువు చేసికొనలేకపోయిరి. అయినను వారిని దారిలో విడిచిపెట్టలేదు. వారి లెక్కయు పట్టీలో చేరియున్నది. కొందరు యాజకుల సంగతి యింతకంటె కష్టము. వంశావళిలో వారి పేరులు వెదకిరి గాని కనబడలేదు. ఊరీము తుమ్మీములు గల యాజకుడు వచ్చువరకు పరిశుద్ధ భోజనము తినకూడదని అధికారి ఆజ్ఞాపించెను. ఆ వంశములలో హక్కోజు వంశమొకటి. నెహెమ్యా మూడవ అధ్యాయము చూడుడి: యెరూషలేము గోడ కట్టినవారిలో హక్కోజు వంశపు మెరేమోతు రెండుచోట్ల కనబడును!

కాగితము లేనందున కూడు ఆగుట యేమో మన ఆమడగూరు ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2006 ఫిబ్రవరి 2న నాటి మన అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ఆరంభమైనప్పుడు కూలివారి యిండ్లకు జాబు కార్డు వచ్చెను. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామములో మొదటి ఆధార్ సంఖ్య నిచ్చిరి. పండ్రెండు అంకెల ఆ సంఖ్యను ఇప్పుడు బియ్యమునకును పింఛనుకును అడుగుచున్నారు.

కన్ను కానని ఇస్సాకు చేతులు తడిమి చూచి మోసపోయెను గదా. మారువేషము వేసిన యాకోబును ఆయన ఏశావని నమ్మెను. నేటి యంత్రము మరియొక విధముగా తప్పును. నిజమైన మనిషినే నీవు కావనును. చెనిక్కాయలు వొలిచి, కలుపు తీసి, రాళ్లు మోసిన వ్రేళ్లపై గీతలు అరిగిపోవును. ముసలివారి చర్మము ఎండిపోవును. పాటుపడిన చేతికే ఈ చిక్కు ఎక్కువ యగుట మాకు బహు విచారముగా నున్నది. అట్టివారు వట్టి సంచితో తిరిగి రాకూడదు. కనుపాపతో గాని, ఫోనుకు వచ్చు ఓటీపీతో గాని చూడుమని అడుగవలెను. సంఖ్య యింకను రానివారికి వేరొక మార్గము చూపవలెనని 2016 ఆధార్ చట్టము ఏడవ సెక్షను చెప్పుచున్నది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు, సర్కారు సహాయములకు ఆధార్ అడుగవచ్చునని ఒప్పుకొనెను గాని, బ్యాంకు ఖాతాకును ఫోను సిమ్ముకును తప్పనిసరి చేయరాదనియు, అది లేదని పిల్లలను బడిలో చేర్చుకొనకుండరాదనియు తీర్పు చెప్పెను. అది పౌరసత్వమునకు రుజువు కాదని చట్టమే చెప్పుచున్నది గనుక, కార్డు పోయినంత మాత్రమున దేశము పోయెనని యెవరును దిగులుపడనక్కరలేదు.

మన సంఘములలో మరియొక చిక్కు గలదు. ఇంటిలో మారెక్క, బాప్తిస్మములో మరియమ్మ, బడి రిజిష్టరులో మేరి! అబ్రాము అబ్రాహామైన దినమున ఏ ఆఫీసు మెట్లును ఎక్కనక్కర లేకపోయెను, మనకట్లు గాదు. కాబట్టి బాప్తిస్మమప్పుడు క్రొత్త పేరు పెట్టగోరు తలిదండ్రులు ముందుగా ఆలోచింపవలెనని మా యభిప్రాయము. ఒక కాగితములో నున్న పేరే, అక్షరము తప్పకుండ, తక్కిన కాగితములలోను ఉండవలెను.

బిడ్డ పుట్టిన 21 దినములలోగా జననము నమోదు చేయింపుడి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, ఓటరు పట్టీకిని జనన తేదీ రుజువు ఆ జనన పత్రమే. బాప్తిస్మపు రిజిష్టరు సంఘమునకు విలువైనదే గాని ఆ పనికి చాలదు. పసిబిడ్డల ఆధార్‌కు వ్రేలిముద్రలు తీయరు. ఐదేండ్లు నిండినప్పుడు ఒకసారి, పదునైదేండ్లు నిండినప్పుడు మరియొకసారి తీయించవలెను.

చదువు నేర్చిన యౌవనస్థులు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక గడియ కూర్చుండి, విధవరాండ్ర కాగితములు ప్రక్కప్రక్కన పెట్టి పేరులు సరిచూడగలరు. ఇంటికి వచ్చి వ్రేలిముద్ర వేయించుకొను క్రొత్తవారిని, ఏ పనికొరకని మొదట అడుగుడి. వేసిన తరువాత రసీదు తీసికొనుడి.