మాటల గాయము – ఇష్టలింగ శరణము

దెబ్బ తగిలినచోట కమిలిన మచ్చ అందరికిని కనబడును. మాట తగిలినచోట మచ్చ కనబడదు. అందుచేతనే ఇంటిలో నిత్యము అవమానమునకు, బెదిరింపునకు, ఎగతాళికి, పలుకరింపు లేని మౌనశిక్షకు గురియైన వారి బాధను లోకము బాధగా లెక్కింపదు. “ఒక్క దెబ్బయైనను కొట్టలేదు కదా!” అని పెద్దలే అందురు. ఆ యిల్లు విడిచి ఏండ్లు గడచిన పిమ్మట గూడ తలుపు గడియ చప్పుడైనంతనే గుండె దడదడలాడును. ఎవరైన గొంతు పెంచినచో అరచేతులు చెమర్చును. అన్నము గొంతు దిగదు. నడిరేయి ఉలికిపాటుతో మెలకువ వచ్చును. పూజకు కూర్చున్నను మనస్సు నిలువదు. అప్పుడు వారు “నా భక్తిలోనే లోపమున్నది” అని తమ్ము తామే నిందించుకొందురు. ఇది భక్తిలోపము కాదు. ఈ సంగతిని ముందుగా గ్రహింపవలెను.

దేహము చేయు కాపలా

ఆపద వేళ దేహము తన్ను తాను కాపాడుకొను ఏర్పాటు ఒకటి కలదు. మెదడులో బాదంగింజ ఆకారము గల చిన్న భాగము అపాయమును పసిగట్టుటలో ముఖ్యపాత్ర వహించును. మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు వెంటనే అడ్రినలిన్‌ను, కొంత తడవునకు కార్టిసాల్‌ను రక్తములోనికి విడుచును. గుండె వేగము హెచ్చును; ఊపిరి పైపైన ఆడును; కండరములు బిగియును; జీర్ణక్రియ మందగించును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగు ఈ తీరును అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథమున వివరించెను.

పులి యెదురైనప్పుడు ఇది ప్రాణరక్షకము. పులి పోయిన పిమ్మట ఇది చల్లారవలెను. కాని అపాయము ఇంటిలోనే, తనవారి నోటనే, ప్రతిదినము పొంచియున్నచో కాపలాకు విశ్రాంతి యెక్కడిది? ఆకు కదలినను కేకవేయుట ఆ కాపలావానికి అలవాటగును. కొందరి దేహము ఇందుకు మారుగా మొద్దుబారి, నోట మాట రాక, కాలుసేతులు కదలక నిలిచిపోవును. రెండును దేహము నేర్చిన ఆత్మరక్షణ మార్గములే. నేర్చినదానిని దేహము మెల్లగా మరువగలదు; దానికి కాలమును, అభయమును కావలెను.

కరస్థలమందలి సాధన

వీరశైవునకు అభయస్థానము దూరమున లేదు. గురువు కరుణించిన ఇష్టలింగము అతని దేహముపైననే యున్నది. దానిని ఎడమ అరచేత నిలిపి, కన్నులు తెరచి, దృష్టిని లింగమునందు నిలుపుట మన పూజావిధానము. భయపడిన దేహమునకు ఇందు గొప్ప మేలు కలదు. కన్నులు మూసి మౌనముగా కూర్చున్నచో గాయపడిన కొందరికి పాత సంగతులే ముసురుకొనును. కన్నులు తెరచి చూచుట, చేతియందు లింగము బరువును చల్లదనమును తెలిసికొనుట, నుదుట విభూతి స్పర్శను గమనించుట – ఇవి మనస్సును గడచిన దినమునుండి నేటి దినమునకు తెచ్చుటకు సహాయపడును.

పంచాక్షరీ జపమును నెమ్మదిగా, ఊపిరి వెలికి విడుచుచు చేయవచ్చును. లోనికి పీల్చు ఊపిరికంటె వెలికి విడుచు ఊపిరి దీర్ఘమైనప్పుడు వేగస్ అను నాడి ద్వారా గుండె వేగము తగ్గును. ఆరంభమున ఐదు నిమిషములు చాలును. అప్పటికిని కలత హెచ్చినచో పూజను బలవంతముగా సాగింపరాదు. లింగమునకు నమస్కరించి లేచి, మరునాడు మరల కూర్చుండవలెను. శివుడు నిమిషములను లెక్కించువాడు కాడు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పెను. శివునకు తల్లి లేదని తలపోసి, ఆమె తానే తల్లియై ఆయనను శిశువువలె పెంచినది. తన దేహమును దయతో చూచుకొనుట మరచినవారు ఈ కథను తలపోయవలెను. లింగమునకు అభిషేకము చేయునప్పుడు చేతులలో కలుగు ఆ మెలకువను, ఆ మార్దవమును, కొంతసేపటికి తన దేహమునకును చూపవచ్చును. లింగము ధరించిన దేహమునకు సూతకము లేదని మన సమయము చెప్పుచున్నది. ఎవరి నోటిమాటతోను ఆ దేహము మైలపడదు.

భృత్యాచారము – గణాచారము

ఇక్కడ ఒక అపాయమును హెచ్చరింపవలసియున్నది. “భక్తుడు భృత్యుడు, అన్నిటిని సహింపవలెను” అని చెప్పి కొందరు బాధితుల నోరు మూయింతురు. ఇది ఆచారమును వక్రించుట. భృత్యాచారము శివునియెడ, శరణులయెడ వినయము. క్రూరునకు దాస్యము కాదు. పంచాచారములలో దాని ప్రక్కనే గణాచారమున్నది. శివనిందను, శరణులకు జరుగు అన్యాయమును చూచి ఊరకుండరాదని అది బోధించును. లింగధారియైన కోడలిని ప్రతిదినము హీనపరచుట శరణనిందయే. అది కుటుంబ గౌరవమను ముసుగులో జరిగినను శరణనిందయే.

హరిహర కవి రగళె ప్రకారము అక్కమహాదేవి కౌశికునకు నియమములు విధించినది. అతడు వానిని మీరగా అంతఃపురమును విడిచినది. ఆమె వెడలిపోవుటను శరణులు దోషముగా నెంచలేదు. కల్యాణమున అనుభవమంటపములో అల్లమప్రభువు ఆమెను ప్రశ్నించెను, నిజమే. కాని ఆ సభ ఆమె ఉత్తరమును పూర్తిగా వినెను. విని “అక్క” యని గౌరవించెను. శ్రీశైలమునకు ఆమె సాగించిన ప్రయాణము ఓటమి కాదు, శరణము.

మఠమును, కుటుంబమును చేయవలసినది

గాయపడినవారు మఠమునకు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న “నీవేమి చేసితివి?” అని యుండరాదు. ముందుగా వినవలెను. విన్నదానిని నలుగురిలో వెల్లడింపరాదు. క్షమించి తిరిగి వెళ్లుమని తొందరపెట్టరాదు. క్షమ పండవలసిన పండు. పచ్చికాయను కోసి ఇమ్మనుట ధర్మము కాదు. జంగముడు దాసోహమున పెట్టు అన్నమును భయము లేక, మెల్లగా, పదిమందితో కూర్చుండి తినుట గూడ అట్టివారికి చికిత్సలో భాగమగును. దేహము అభయమును గ్రంథములకంటె మనుష్యుల సన్నిధిలోనే త్వరగా నేర్చుకొనును.

పూజ వైద్యమునకు బదులు కాదు. నిద్రలేమి, ఉలికిపాటు, జీవితముపై విరక్తి తగ్గనిచో మానసిక వైద్యుని చూచుట శివద్రోహము కాదు. ఔషధమును గూడ ప్రసాదముగా స్వీకరింపవచ్చును. ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి పొందవచ్చును. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము మాటలతో, మానసికముగా పెట్టు బాధను గూడ హింసగానే పరిగణించుచున్నది. స్త్రీలకు సహాయ సంఖ్య 181. దేశచట్టము గుర్తించిన బాధను దయయే మూలమని నమ్ము ధర్మము గుర్తింపకుండుట తగునా?

మననము చేయదగినవి

1. మన యింటిలో ఎవరి అడుగుల చప్పుడుకు ఎవరు భయపడుచున్నారు?
2. వినయమని మనము మెచ్చుకొన్నది నిజముగా వినయమా, భయమా?
3. గాయపడినవారు మన గడప తొక్కినప్పుడు వారికి తొలుత వినబడు మాట యేది?

బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా నెంచెను. దేవాలయమున ఉత్సవము నిత్యము జరుగకపోవచ్చును. దీపము మాత్రము ఆరరాదు. ఏ మాటల గాలికి ఎవరి దీపము రెపరెపలాడుచున్నను, దానికి అరచేయి అడ్డము పెట్టుట తోటి శరణుల కాయకము.

శరణు శరణార్థి.